బండపొడి గాయాలకు రెండు రోజులు

బుధవారం రాత్రి

పొద్దుటి నుంచి ముసురు. వికారాబాద్ ఆసుపత్రిలో రెండు హెర్నియాలు, ఒక అపెండిక్స్ చేశాను. బయటికొచ్చి ఫోన్ చూస్తే, నా పరిశోధనకు గ్రాంట్ వచ్చింది! ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

తాండూరు నాపరాయి పనివాళ్ళు వేలు నలిగితే, రక్తం ఆగాలని తడి బండపొడి అద్దుకొని వస్తారు. వాటిలో కొన్ని గాయాలు మానతాయి, కొన్ని చీము పడతాయి. ఎందుకో తేల్చాలి.

బండల పనికి పోయే యాదయ్యకు వేలి కుట్లు విప్పుతూ ఈ సంగతి చెప్పాను. "మా ఏళ్ల మీద సదువా మేడం? గట్లయితే నా ఏలుకు జీతమియ్యాలె" అని నవ్వాడు.

కానీ వారానికి రెండు రోజులు ఆసుపత్రి నన్ను ఆపరేషన్ల నుంచి వదిలేయాలని గ్రాంట్ షరతు. ఉన్నదే ముగ్గురు సర్జన్లం. మా ప్రొఫెసర్ సార్ కాదంటే గ్రాంట్ పోతుంది. మొదటిదే పోతే రెండోది ఎవరిస్తారు?

సార్ చాయ్ తాగుతూ విన్నారు.

"నీ వయసుల నాకూ వచ్చింది. మా హెడ్డు రోజులియ్యలే, వాపస్ చేసిన. మల్ల ఎవరూ ఇయ్యలే. కోసుడు, కుట్టుడు, గంతే అయింది." కప్పు కింద పెట్టారు. "మంగళారం, శుక్కురారం నీ కేసులు నేను చేస్త. ఫికర్ చెయ్యకు బిడ్డా. ఆ రోజుల్ల ఆపరేషన్ థియేటర్ల కనవడితే మాత్రం ఊకోను."

ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇప్పటికీ నిద్ర రావడం లేదు. కానీ ఆయనకు నడుం నొప్పి. ఆయన రిటైరయ్యాక ఆ రెండు రోజులు నా కేసులు ఎవరు...

యాదయ్య సాయంత్రం ఐదింటి రైలుకే తాండూరు వెళ్ళాడు. సార్ మాత్రం ఆరు దాటాక, నడుం పట్టుకొని మెట్లు దిగి వెళ్ళారు.