గెలిచిన కారు అమ్మాల్సిందే

జనవరి 5, సోమవారం
నా కార్ల పందేనికి నాలుగంటే నాలుగే పేర్లు. మైదానమేమో ఇరవై కార్లు తిరిగేంత ఉంది. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని మట్టిగుట్ట పక్కన ఆ జాగా ఇచ్చిన పంచాయతీవాళ్లు తేల్చి చెప్పేశారు. "ఎనిమిది కార్లన్న లేకుంటే ఇగ వద్దు మేడం. కబడ్డీ పెట్టుకుంటం." తప్పేముంది... నాలుగు కార్ల పందేన్ని చూడ్డానికి ఎవరొస్తారు, ఆ నలుగురి పెళ్లాలు తప్ప.

జనవరి 8, గురువారం
గనిలో డంపర్ తోలే మల్లేష్ కూడా రానన్నాడు. పోయినసారి మూడో స్థానం వాడిది. "కాంట్రాక్టర్ తిరుపతి సార్ హైదరాబాద్‌ల ఇంజన్ చేయించుకొచ్చిండట. మేం టైర్లు మార్చుడే కష్టం. ఆయన ఎన్క దుమ్ము తిననీకి రావాల్నా అక్కా?"
తిట్టాలని నాలుక దురద పెట్టింది, కానీ వాడన్నది నిజం.

జనవరి 11, ఆదివారం
రూలు రాశాను! గెలిచిన కారును, అదే పందెంలో ఓడినవాళ్లలో ఎవరడిగినా, అక్కడికక్కడే లక్ష రూపాయలకు అమ్మాల్సిందే. కాదంటే మళ్లీ పందెంలోకి రానివ్వం. ఇప్పుడు పొయ్యమనండి లక్షలకు లక్షలు ఇంజను మీద! గెలిచిన మరుక్షణం లక్షకే పోతుంది.
నా భుజం నేనే తట్టుకున్నాను.

జనవరి 17, శనివారం
పదకొండు పేర్లు! మల్లేష్ వచ్చాడు. మెకానిక్ యూసుఫ్ అన్న షెడ్డు నుంచి ఫోన్ చేశాడు. "మూడు ఖరాబైన కార్లు కలిపి ఒక్కటి జేసిన చెల్లె. నాలుగేండ్లు వట్టింది. ఇగ నీ పందెంలనే తీస్త." మా ఖని ఊళ్లో ఆయన చెయ్యి పెట్టని బండి లేదు. సొంతానికి మాత్రం ఇదే మొదటిది.
తిరుపతి సార్ కూడా ఫారం పంపాడు — పెద్ద ఇంజను కాదు, మామూలు కారే. చూశారా రూలు మహిమ అని ఇంట్లో అందరికీ చెప్పాను. ఎవరూ వినలేదు.

జనవరి 30, శుక్రవారం
సరిగ్గా ఈ ఆదివారమే గనిలో ప్లేడే వేశారు. సెలవు రోజు డ్యూటీ, డబల్ జీతం. లిస్టు టైపు చేసింది ఎవరు — హాజరు రాసే మస్టర్ గుమస్తాను, నేనే. నా పదకొండు మందిలో ఇద్దరి పేర్లు నా చేత్తోనే ఆ లిస్టులోకి ఎక్కించాను. "ఏమనుకోకు అక్కా..." అన్నారిద్దరూ. ఏమనుకుంటాను. నేనైనా డ్యూటీకే పోతాను.
తొమ్మిది మిగిలాయి. చాలు.

ఫిబ్రవరి 1, ఆదివారం
యూసుఫ్ అన్న గెలిచాడు. రెండో స్థానం మల్లేష్‌ది. తిరుపతి సార్ అందరికన్నా ఆఖరు. అంత నెమ్మదిగా ఎందుకు తోలుతున్నాడో నాకు అప్పుడు తట్టలేదు.
జనం ఇంకా ఈలలు వేస్తూనే ఉన్నారు. తిరుపతి సార్ వచ్చి నా బల్ల మీద నోట్ల కట్టలు పెట్టాడు. "మీరే రాసిండ్రు గద మేడం. ఓడినోళ్లు ఎవరడిగినా ఇయ్యాలె. నేను అడుగుతున్న."
మల్లేష్ ఒక్కడే, "నాలుగేండ్ల కష్టం సార్ అది" అన్నాడు. ఆయన వినిపించుకోలేదు. రూలు అక్కడే కొట్టేయొచ్చు... కొట్టేస్తే ఇక నా మాట ఎవరు నమ్ముతారు?
చివరికి యూసుఫ్ అన్నే తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "కానూన్ అంటే కానూన్ చెల్లె. నువ్వు ఫికర్ జెయ్యకు." నా ముఖం చూడలేదు. సంతకం పెట్టాను.

ఫిబ్రవరి 2, సోమవారం
డ్యూటీకి పోయాను. రెండు పేర్లు తప్పు రాశాను. ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 8, ఆదివారం
యూసుఫ్ అన్న షెడ్డుకు వెళ్లాను. ఛాయ్ తెప్పించాడు, శ్రీరాంపూర్ నుంచి వచ్చిన జీపు గురించి చాలాసేపు చెప్పాడు. పందెం మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.
లక్ష అని రాసేటప్పుడు ఇనుముకీ ఇంజనుకీ లెక్క వేశాను. నాలుగేళ్లు ఒక మనిషి వంగి చేసిన పనికి ఎంత వేయాలో తెలియక వదిలేశాను.

ఫిబ్రవరి 21, శనివారం
ఉగాది తర్వాత ఇంకో పందెం. పేర్లు వస్తున్నాయి, అదీ విచిత్రం. మల్లేష్ నవ్వుతున్నాడు. "వస్త అక్కా. గానీ గెలువ."
"అదేం పందెంరా?"
"రెండో నంబర్ల వస్త. కారు ఇంటికస్తది."
ఇంకో ఇద్దరూ ఇదే మాట. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పద్నాలుగు కార్లు, గెలవడానికి ఒక్కడూ లేడు.

ఫిబ్రవరి 24, మంగళవారం
రూలు తీసేస్తే పెద్ద ఇంజను వస్తుంది, వీళ్లంతా పోతారు. ఉంచితే వీళ్లు ఒకరి వెనక ఒకరు పెళ్లి ఊరేగింపులా తిరుగుతారు. ఏం చేయాలో తెలియడం లేదు. నిజంగా తెలియడం లేదు.

మార్చి 3, మంగళవారం
తిరుపతి సార్ మనిషి ఫారం ఇచ్చి పోయాడు. యూసుఫ్ అన్న చేసిన అదే కారు. రంగు మార్చారట. ఓనర్ గడిలో తిరుపతి. తోలేవారి గడిలో — యూసుఫ్.
ఫోన్ చేశాను. "అన్నా, నువ్వేనా?"
"నేనే చెల్లె. ఆయన డ్రైవర్ల చేతికి అది ఇంటలేదట. మల్ల నన్నే పిలిచిండు." తర్వాత అసలు మాట అన్నాడు. "ఒక్కటి అడుగుత. ఆ లక్ష అట్లనే పెట్టిన. ముట్టలే. ఆ కారు నేను గెలిపిస్తే... నేను అడగొచ్చునా?"
"ఆగన్నా, చూసి చెప్త" అన్నాను.
చూడ్డానికేముంది, రాసింది నేనే. ఓడినవాళ్లే అడగాలి, గెలిపించినవాడు కాదు. అయినా కాగితం తీసి మళ్లీ చదివాను.
సాయంత్రం నుంచి రెండుసార్లు ఫోన్ మోగింది. ఆయనే. ఎత్తలేదు. ఫారం మీద ఒప్పుకున్నట్టు ముద్ర కూడా వేయలేదు.