దిబ్బ వెనక ఆగిన జెండా

శనివారం, రాత్రి

ఎంత దులిపినా జుట్టులోంచి ఇసుక రాలుతూనే ఉంది.

నా రూమ్మేట్ స్వాతికి ఇక్కడ ఉద్యోగం దొరకలేదు, వీసా గడువు దగ్గరపడింది. వచ్చే వారం ఇండియా వెళ్ళిపోతోంది. వెళ్ళేలోపు ఇసుక దిబ్బల మీద బండి నడపాలని, ఇద్దరం కూర్చునే ఏటీవీ, ఇసుకలో నడిచే నాలుగు చక్రాల బండి, బుక్ చేసింది.

"రావే, వెనక కూర్చుని కళ్ళు మూసుకో, చాలు."

భయమని చెప్పలేక, "నువ్వెళ్ళు. ఇసుక మీద గాలి గీసిన ఈ గీతల గురించి రాసుకోవాలి" అన్నాను.

"రాసుకో తల్లీ. ఇసుక ఎక్కడికీ పోదులే, పోయేది నేనే," అని నవ్వి హెల్మెట్ పెట్టుకుంది.

బండి దిబ్బ దాటింది. ఎదురొచ్చేవాళ్ళకు కనిపించాలని బండికి పొడవాటి కర్రతో కట్టిన ఎర్రజెండా మాత్రం దిబ్బ పైన చాలాసేపు కదలకుండా నిలిచింది. బాగుందని దాన్ని కూడా నోట్‌బుక్‌లో వర్ణించాను.

తిరిగొస్తూ కారులో అడిగాను, దిబ్బ అవతల ఆగి అంతసేపు ఏం చూశావని.

"ఏం చూళ్ళేదే. నువ్వు మనసు మార్చుకుని నడిచొస్తావేమోనని ఆగా."

ఇందాక ఆ పేజీ చదివాను. గాలి ఉంది, గీతలున్నాయి, జెండా ఉంది. స్వాతి లేదు.

పక్కగదిలో సూట్‌కేసు సర్దుతోంది. వెళ్ళి ఏదో ఒకటి చెప్పాలి. జెండా కోసమే అన్ని మాటలు వెతుక్కున్నదాన్ని, తనకి ఒక్కటైనా...