గుర్రాల బొమ్మల కింద కార్డు

అన్నయ్యా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. "ఇండియన్‌వి, కౌబాయ్‌లెందుకు? ఏనుగులు వేసుకో" అని నిన్ను పంపేసిన డాలస్ గ్యాలరీయే నా దగ్గరున్న నీ బొమ్మలు అడిగి తీసుకుని ఈరోజు ప్రదర్శన పెట్టింది. వెళ్లాను. వానలో పశువుల్ని తోలుతున్న కౌబాయ్ బొమ్మ కింద కార్డు మీద "సరదాగా బొమ్మలేసిన ఇంజనీర్" అని ఉంది. నాకు ఒళ్లు మండింది.

"ఉద్యోగం మానేసి, ఇరవై ఏళ్లు పశువులు పెంచే రాంచ్‌ల బురదలో నిలబడి గుర్రాల్ని గీశాడు. అది సరదానా?" అని ఓనర్‌ని అడిగాను.

"ఇంజనీర్ అంటే జనం ఇంట్రెస్ట్‌గా చూస్తారు మేడమ్" అంది నవ్వుతూ.

కార్డు పీకేశాను. దాని వెనక నీ పేరు, కింద "చిత్రకారుడు" అని ఇంగ్లీషులో రాసి అతికించాను. ఇది తీస్తే బొమ్మలన్నీ కార్‌లో వేసుకుని వెళ్లిపోతానని చెప్పి, సాయంత్రం దాకా అక్కడే కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ తీయలేదు.