పదిహేడో పేజీ

చిలకలగూడ,
14 జులై 2007

డోరా అక్కకు వందనాలు.

నేను చర్చికి వెళ్లడం లేదని అమ్మ నీకు చెప్పిందట. నిజమే. మనసులో ఇంత పగ పెట్టుకుని ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేను.

మా కంపెనీ క్వాలిటీ ప్రోగ్రాంలో, దగ్గు మందు సీసాలు ఎందుకు కారుతున్నాయో నాలుగు నెలలు మిషన్ పక్కన నిలబడి కనిపెట్టింది నేను. రిపోర్టులో మాత్రం ప్రాజెక్టు నడిపిన 'బ్లాక్ బెల్ట్'గా, అంటే ఆ ప్రోగ్రాం లెక్కలో నాయకుడిగా, మన వీధి సదాశివ సార్ తన పేరు వేసుకున్నాడు. నా పేరు 'సహకరించినవారు' కింద, టైపిస్టు తర్వాత.

చివరి మీటింగులో డైరెక్టర్ గారు, "ఇకమీదట దీనికి జవాబు చెప్పే ప్రాసెస్ ఓనర్ ఎవరు?" అని అడిగారు.

"సదాశివ సారే. ఆయనకన్నా ఎవరికి తెలుసు?" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కాలర్ సర్దుకున్నాడు.

మూత బిగించే మిషన్‌కి ప్రతి సోమవారం వాషర్ మార్చాలని ఆ రిపోర్టు పదిహేడో పేజీలో రాశాను. ఆయన అంతదాకా చదవలేదని నాకు తెలుసు.

మూడు వారాలకే సీసాలు మళ్లీ కారుతున్నాయి. డైరెక్టర్ గారు రోజూ ఆయన్ని నిలబెట్టి అడుగుతున్నారు. నిన్న సదాశివ సార్ నా దగ్గరకొచ్చి, "జెర చూడమ్మా, నీ ప్రాజెక్టే గద," అన్నాడు.

"ఆ మాటే రాసి డైరెక్టర్ గారికి ఇవ్వండి సార్, చూస్తా," అన్నాను.

ఇంకా ఇవ్వలేదు. వాషర్ సంగతి అమ్మతో ఫోన్లో అనకు. జాలిపడి తనే వెళ్లి ఆయనకు చెప్పేస్తుంది.

నీ చెల్లి