బువ్వ కలిపే చెయ్యి

అక్కా,

పొద్దుటినుంచి ముసురు. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్లకు రోబోతో కసరత్తు ఎలా చేయించాలో ఈరోజు నాచారంలో మా ఫిజియోథెరపిస్టులకు నేర్పారు. నారపల్లి నుంచి వచ్చిన యాదమ్మ కుడిచేతిని దానికి కట్టి, బంతి పట్టుకోమన్నారు.

“బంతాట ఆడే ఈడా నాది? బువ్వ తినుడు నేర్పున్రి సారూ,” అంది.

నా డబ్బాలోని పెరుగన్నం ఆమె ముందు పెట్టాను. రోబో ఆసరాతో చెయ్యి మెల్లగా నోటిదాకా వెళ్లింది; సగం మెతుకులు దారిలోనే రోబో మీద రాలాయి.

“సగం నాకు, సగం మీ మిషన్‌కు,” అని నవ్వింది.

నీకూ కుడిచెయ్యే పడిపోయింది. పోయేదాకా ఎడమచేత్తోనే తిన్నావు, ఎవరూ చూడొద్దని గోడవైపు తిరిగి.

“మళ్లెప్పుడు తెస్తరు బిడ్డా?” అని యాదమ్మ అడిగింది. తెలియదన్నాను.

శిక్షణ ఇచ్చినవాళ్లు రోబోను వ్యాన్‌లో పెట్టుకుని నాలుగింటికి వెళ్లిపోయారు. యాదమ్మ ఐదింటికి ఉప్పల్‌లో నారపల్లి బస్సెక్కింది.