పడాకు పలకా, రెండు ఉలులూ

రంగత్,
ఆగస్టు 4

గవరయ్య భయ్యాకు బాలస్వామి వందనాలు.

ఫోన్లో మనిద్దరం అరుచుకుంటున్నామని మా మనవరాలు సారా, "ఇక బస్ తాతా! చిట్ఠీ రాయ్" అంటూ ఫోన్ లాక్కుంది. అందుకే ఈ ఉత్తరంతో పాటు మీరు చేసిచ్చిన ఉలిని కూడా బస్సులో పంపుతున్నాను. పక్షవాతంతో పడిపోయిన నా కుడిచేయి దేవుడి దయవల్ల తిరిగి వచ్చింది గదా! కోత పండుగకు మా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల ఆ చేత్తోనే చేసిస్తానని మొక్కుకున్నాను. మూడు వారాలే గడువుంది. ఇందుకోసం పాత పడవ విప్పగా వచ్చిన గట్టి పడాకు కలప పలక కొన్నాను. రెండు దెబ్బలకే మీ ఉలి అంచు మడతపడింది. అది ఉక్కేనా?

మీ బాలస్వామి

తా.క. ఆ ఉలితో సారా రొట్టెకు వెన్న రాసింది. భేషుగ్గా పనిచేసింది.

సిప్పీఘాట్,
ఆగస్టు 9

బాలస్వామి గారికి గవరయ్య నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, ఉలి తప్ప.

అది లారీ కమానుపట్టీ ఉక్కు. ఎర్రగా కాల్చి ఉప్పునీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. అలాగే వదిలేస్తే గాజులా పగులుతుంది. అందుకని మళ్ళీ సన్నసెగ చూపించి కాస్త మెత్తబరుస్తాం. పోయినసారి సెగ ఎక్కువైందేమో. ఈసారి తగ్గించాను. ఇక పడాకును పనసపండులా కొయ్యండి.

ఇట్లు, గవరయ్య

తా.క. వెన్నకు పనికొచ్చింది గదా, పూర్తిగా దండగ కాలేదు.

రంగత్,
ఆగస్టు 13

భయ్యా, వందనాలు.

కొత్త ఉలి మూల పెచ్చు ఎగిరిపోయింది. మొన్న మైనం, ఇవాళ గాజు. నడిమధ్య రకం మీ దగ్గర దొరకదా?

బాలస్వామి

తా.క. ప్లాస్టిక్ టేబుల్ చాలంటున్నారు పాస్టరు గారు. ఆయన కోసం ప్రార్థన చేస్తున్నాను.

సిప్పీఘాట్,
ఆగస్టు 16

బాలస్వామి గారికి నమస్కారాలు.

మూడో ఉలి పంపుతున్నాను. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, తప్పు ఉలిది కాదేమో. చెయ్యి వణికితే ఉలి పక్కకు వాలి పెచ్చు లేస్తుంది. పని మీ శిష్యుడు శ్రీనుకు అప్పగించండి. దేవుడు ఏమీ అనుకోడు.

గవరయ్య

తా.క. కోపం వస్తే ఈ ఉలిని పలక మీదే వాడండి.

రంగత్,
ఆగస్టు 21

ప్రియమైన గవరయ్య భయ్యాకు వేల వందనాలు.

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. రెండు రోజులు పలక ముట్టుకోలేదు. చివరికి సారా, "ఏక్ బార్ చూడు తాతా" అని లాక్కెళ్ళింది. ఈసారి సుత్తితో కొట్టకుండా మెల్లగా తొలిచాను. చిన్న చెక్క బిరడా ఊడివచ్చింది. దాని కింద మేకు తల! మొదటి ఉలిని మడిచిందీ, రెండోదాన్ని విరిచిందీ ఆ మేకే. తప్పు నా చేతిదీ కాదు, మీ పనిదీ కాదు.

మేకు తల మీద చేప ముద్ర ఉంది. భయ్యా, అది పడవలకు మేకులు చేసిచ్చిన మీ నాన్నగారు తాతబ్బాయి గారి ముద్ర! రోడ్డు లేని రోజుల్లో మా రంగత్ వాళ్ళు పురుళ్ళకూ జబ్బులకూ ఆ పడవల్లోనే పోర్ట్ బ్లెయిర్ వెళ్ళేవారు. ఆ మేకులు ఊడి ఉంటే మాలో సగంమందిమి ఉండేవాళ్ళం కాదు. ఆయనకు ఒక్కనాడూ థాంక్స్ చెప్పలేదు. మేకు పీకలేదు. తోమి బల్ల నడుమ కనబడేలా ఉంచుతున్నాను. ఆదివారం రొట్టె అక్కడే పెడతారు. మీరు ఇంటిల్లిపాదీ వచ్చి ముందు వరుసలో కూర్చోవాలి.

ఎప్పటికీ ఋణపడి ఉండే
బాలస్వామి

తా.క. నాన్న మేకు ముందు కొడుకు ఉలులు రెండూ ఓడిపోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు. మీరు వచ్చాక సంఘమంతటి ముందు మైకులో చెబుతాను.