మన కారు తాగుతున్న పెట్రోలు

నువ్వు పోయాక గచ్చిబౌలి ఆఫీసుకు మన కారు నేనే నడుపుతున్నాను. నీకొచ్చిన మైలేజీ నాకు రావడం లేదు. ముందు బంకువాళ్లని అనుమానించాను. తర్వాత పెట్రోలు తీస్తున్నాడేమోనని వాచ్‌మన్‌ని. మెకానిక్ అంతా చూసి, "బండి మంచిగనే ఉంది మేడం. ఇంట్ల ఎవరన్నా ఊకె ఇంజన్ ఆన్ చేసి పెడుతున్నరా?" అన్నాడు. అతనిమీదా అనుమానమే వచ్చింది.

ఈరోజు పెందలాడే లేచి సెల్లార్‌లో కాపు కాశాను. మీ నాన్నగారు వచ్చారు. ఇంజన్ స్టార్ట్ చేసి, పేపరంతా చదువుతూ అలాగే కూర్చున్నారు.

"ఎందుకు మావయ్యగారూ?" అన్నాను.

"ఆస్పత్రికి వెళ్తూ వాడే చెప్పాడమ్మా, రోజూ కాసేపు స్టార్ట్ చేయకపోతే బ్యాటరీ దిగిపోతుందని."

"ఇప్పుడు రోజూ నేను తీస్తున్నాను కదండీ."

ఆయన ఇంజన్ కట్టేయలేదు.

"ఇక చాలని వాడు చెప్పలేదు కదమ్మా."